కాంక్రీటు గుడిలో భక్తి కుదురుతుందా? నేను చూసిన లె రాన్సీ చర్చి

మీ విచారణలో (మీ ఊరి క్యాథలిక్ సంఘంలో) కొత్త చర్చి కమానులూ అలంకారాలూ లేకుండా కాంక్రీటుతో కడదామంటే, పెద్దవాళ్లు "ఫంక్షన్ హాల్‌లా ఉంటుంది, భక్తి ఎక్కడొస్తుంది" అంటున్నారని అడిగారు కదండీ. పారిస్‌లో ఉద్యోగం చేసినప్పుడు నాకూ అదే అనుమానం ఉండేది, తూర్పు శివారులో ఉన్న లె రాన్సీకి ఒక ఆదివారం పూజకి వెళ్లేదాకా.

ఆ చర్చిని 1922-23లో ఫ్రెంచ్ ఆర్కిటెక్ట్ ఓగ్యుస్త్ పెరె, తమ్ముడు గుస్తావ్ కలిసి కట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్త, విచారణ దగ్గర డబ్బు తక్కువ, రాయి కొనే స్తోమత లేదు, అందుకే కాంక్రీటు. బయట ఆ బూడిదరంగు టవర్ నాకు ఇప్పటికీ నచ్చదు. లోపల అడుగుపెట్టాక మాత్రం వేలితో సిలువ గుర్తు వేసుకోవడం కూడా మర్చిపోయి నిలబడిపోయాను.

పైకప్పు బరువంతా స్తంభాలే మోస్తాయి. సుమారు 11 మీటర్ల ఎత్తు, అడుగున 43 సెంటీమీటర్ల మందం, పైకి పోయేకొద్దీ ఇంకా సన్నం. గోడకి మోసే పనే లేదు కాబట్టి గోడంతా అచ్చుపోసిన కాంక్రీటు జాలీయే, గడిగడికీ రంగు అద్దం. చిత్రకారుడు మోరిస్ దెని గీసిన బొమ్మలకి అద్దాల పని చేసింది మార్గరీత్ యురే. 1914లో ఆ దగ్గర్లో జరిగిన యుద్ధంలో పోయినవాళ్ల జ్ఞాపకంగా కట్టిన గుడి, ఒక కిటికీలో ఆ యుద్ధమే ఉంది. నేను ఒక స్తంభం పక్కన కూర్చున్నాను. చెయ్యి పెడితే నిలువు గాడులు గరుగ్గా తగిలాయి, పెయింట్ లేదు, పాలిష్ లేదు. ప్రసంగం మొదలైనప్పుడు ఆ స్తంభం మీద పడ్డ నీలం వెలుగు మచ్చ, దివ్యసత్ప్రసాదం (పూజలో అప్పం పంచే) వేళకి నా పక్కన కూర్చున్న ముసలావిడ చేతుల మీదికి జరిగింది.

మీ కమిటీకి నా మాటగా చెప్పండి: గ్రానైట్‌కీ, ఫాల్స్ సీలింగ్‌కీ పెట్టే డబ్బు వెలుతురుకి పెట్టండి. అయితే మన ఎండకి గోడంతా అద్దమంటే మే నెలలో ఎవరూ కూర్చోలేరు, లోతైన జాలీ పెట్టి అద్దం బలిపీఠం వైపే ఉంచండి. ఇంకోటి, ఆ చర్చిలో లోపలి ఇనుము తుప్పుపట్టి కాంక్రీటు పెచ్చులూడితే పెద్ద రిపేర్లే చేయాల్సొచ్చింది. సముద్రానికి దగ్గరైతే ఊచల మీద కవర్ (ఇనుముని కప్పే కాంక్రీటు మందం) తగ్గకుండా ఇంజనీర్‌ని గట్టిగా అడగండి. బలిపీఠం ఏ దిక్కుకి వస్తోందో చెబితే కిటికీల గురించి ఇంకా వివరంగా రాస్తాను.