పాఠకుల ప్రశ్నలు: సబ్‌వెర్షన్ నుంచి గిట్‌కు మారేటప్పుడు

ప్రశ్న: పన్నెండేళ్లుగా సబ్‌వెర్షన్‌లో ఉన్న మా కోడ్‌ను గిట్‌కు మార్చబోతున్నాము (రెండూ కోడ్‌లో జరిగే మార్పుల చరిత్రను భద్రపరిచే సాఫ్ట్‌వేర్లే). పాత చరిత్రను మోసుకెళ్లడం దండగ అనీ, నేటి కోడ్‌ను ఒకే కమిట్‌గా (ఒక్కసారి నమోదు చేసిన మార్పుగా) పెట్టి మొదలుపెడితే చాలనీ మా బృందంలో కొందరి వాదన. అలా చేస్తే నష్టమేమిటి? కోడ్ రివ్యూలకు, అంటే ఒకరి మార్పును మరొకరు పరిశీలించడానికి, వేరే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాము. అందులోని పాత వ్యాఖ్యలు ఏమవుతాయి?

జవాబు: మీ రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను. తరలింపు పూర్తయి, పాత సర్వర్‌ను ఆపేశాక గానీ అది చాలామందికి గుర్తుకు రాదు. రివ్యూ వ్యాఖ్యలు సాధారణంగా రిపాజిటరీలో (కోడ్, దాని చరిత్ర ఉండే చోట) ఉండవు, రివ్యూ సాఫ్ట్‌వేర్‌కు చెందిన డేటాబేస్‌లో ఉంటాయి. గిట్ రిపాజిటరీలను ఉంచుకునే వెబ్‌సైట్ గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ (మార్పును చేర్చుకోమనే అభ్యర్థన) కింద జరిగే చర్చ సంగతీ అంతే: రిపాజిటరీని క్లోన్ చేసుకుంటే, అంటే నకలు దింపుకుంటే, కమిట్‌లు వస్తాయి గానీ ఆ చర్చ రాదు. గెరిట్ అనే రివ్యూ సాఫ్ట్‌వేర్ మాత్రం రివ్యూ వివరాలను గిట్‌లోనే దాస్తుంది, అయినా మామూలు క్లోన్‌లో అవి దిగవు.

పోయేదేమిటో ఒక ఉదాహరణతో చూద్దాము. అవతలి సర్వర్ జవాబు కోసం 37 సెకన్లు ఆగాలని మీ కోడ్‌లో ఒకచోట రాసి ఉందనుకోండి. ముప్పై కాదు, నలభై కాదు, 37 ఎందుకు? గిట్ బ్లేమ్‌తో (పేరులో నింద ఉన్నా అది చేసే పని, ప్రతి వరుసనూ చివరిసారి ఎవరు, ఏ కమిట్‌లో మార్చారో ఆరా తీయడమే) ఆ వరుసను మార్చిన కమిట్‌ను పట్టుకుంటే, దాని సందేశంలో “టైమౌట్ సరిచేశాను, ఆర్4790 చూడండి” అని మాత్రమే కనిపిస్తుంది (ఆర్4790 అంటే సబ్‌వెర్షన్‌లో 4790వ రివిజన్, అంటే మార్పు). మధ్యలో ఉన్న ప్రాక్సీ 40 సెకన్లకు కనెక్షన్‌ను తెంచేస్తుందనీ, దానికంటే ముందే మన ప్రోగ్రామ్ విరమించుకుంటే లాగ్‌లో సరైన ఎర్రర్ నమోదవుతుందనీ అసలు కారణం చెప్పింది ఆ రివిజన్‌పై జరిగిన రివ్యూలో, అదీ ఎవరో అడిగిన ప్రశ్నకు జవాబుగా. ఆ జవాబు పోయిందంటే రేపు ఎవరో ఒకరు 37ను 60 చేస్తారు, కాదనడానికి రివ్యూయర్ దగ్గర ఆధారం ఉండదు. అందుచేత పాత రివ్యూ సర్వర్‌ను ఆపకముందే దాని పేజీలన్నిటినీ, వాటి నంబర్లు చెడకుండా, కనీసం చదువుకోవడానికి వీలైన ఫైళ్లుగా భద్రపరచండి.

ఇక చరిత్ర విషయం. ఒకే కమిట్‌తో మొదలుపెడితే బ్లేమ్ చూపేది ఒక్క తేదీనే, ఒక్క పేరునే. ఆ పేరు తరలింపు చేసిన పాపానికి మీదే కావచ్చు. గిట్ బైసెక్ట్ అనే సదుపాయం కూడా పాత కోడ్ విషయంలో నిరుపయోగమవుతుంది. 4,000 కమిట్‌లలో లోపం ఎక్కడ చొరబడిందో సగానికి సగం తగ్గించుకుంటూ దాదాపు 12 పరీక్షల్లో తేల్చే ఆ పద్ధతికి, తరలింపుకు ముందరి కాలం ఒకే ముద్దగా కనిపిస్తుంది. చరిత్రను తీసుకెళ్లమనే నా సలహా.

అయితే ఆ పనిని మొదటి ప్రయత్నంలోనే అసలుదిగా భావించకండి, రెండు మూడు సార్లు నకలు మీద చేసి చూడండి. సబ్‌వెర్షన్ ప్రతి మార్పుకూ లాగిన్ పేరును మాత్రమే గుర్తుంచుకుంటుంది, గిట్‌కు పూర్తి పేరూ ఈమెయిలూ కావాలి. ఏ లాగిన్ ఎవరిదో తెలిపే జాబితాను, ఎప్పుడో వెళ్లిపోయినవారితో సహా, ముందే తయారు చేసుకోవాలి. గిట్‌లో కమిట్ గుర్తింపు సంఖ్యను లెక్కగట్టేటప్పుడు రచయిత పేరూ, అంతకుముందున్న కమిట్ సంఖ్యా అందులో కలుస్తాయి కనుక, అందరూ క్లోన్ చేసుకున్నాక ఒక్క పాత పేరును దిద్దినా ఆ తరువాతి సంఖ్యలన్నీ మారిపోతాయి.

గిట్-ఎస్‌వీఎన్ అనే పనిముట్టుతో తరలిస్తే ప్రతి సందేశం చివరా పాత రివిజన్ నంబరును తెలిపే ఒక వరుస చేరుతుంది. చూడడానికి బాగాలేదని దాన్ని తీసేయించేవారున్నారు. నేనైతే ఉంచమంటాను, ఎందుకంటే పై ఉదాహరణలోని ఆర్4790 ఏ కమిట్‌గా మారిందో చెప్పేది అదొక్కటే.

ఎప్పుడో చేర్చి తొలగించిన పెద్ద ఫైళ్ల సంగతి కూడా చూసుకోండి. సబ్‌వెర్షన్‌లో చెకౌట్ చేస్తే (పని చేయడానికి కోడ్‌ను దింపుకుంటే) కోరిన రివిజన్ మాత్రమే వస్తుంది గనుక అవి ఎవరికీ అడ్డు రాలేదు. గిట్‌లో మామూలు క్లోన్ చరిత్రనంతటినీ దింపుతుంది, పైగా 100 ఎంబీ దాటిన ఫైల్ చరిత్రలో ఎక్కడున్నా గిట్‌హబ్ స్వీకరించదు. వాటిని నకలు దశలోనే, చరిత్రను తిరగరాసే ఫిల్టర్-రెపో అనే పనిముట్టుతో తీసేయండి. పాత కమిట్‌లలో పాస్‌వర్డ్‌లు కనబడితే తుడిచి ఊరుకోకుండా వాటిని మార్చేయండి.

చివరగా, ప్రతి విడుదల ట్యాగ్ (ఆ విడుదలకు చరిత్రలో పెట్టిన గుర్తు) వద్దా సబ్‌వెర్షన్ ఎగుమతినీ గిట్ చెకౌట్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చాలి. ఖాళీ ఫోల్డర్లను గిట్ గుర్తుంచుకోదు, సబ్‌వెర్షన్ ఎగుమతి చేసేటప్పుడు కీవర్డ్‌లను (తేదీ, రివిజన్ నంబరు లాంటివి నింపడానికి ఫైల్‌లో పెట్టే గుర్తులను) విస్తరిస్తుంది. ఈ రెండు తేడాలూ, వరుస ముగింపును తెలిపే కనబడని అక్షరాల తేడాలూ కనబడితే కంగారు పడనక్కరలేదు. ఇవి కాక వేరే తేడా ఏది కనిపించినా తరలింపును ఆపండి.

ప్రశ్న: గిట్‌కు మారిన సందర్భంగా కోడ్ అంతటినీ ఒకే శైలిలోకి దిద్దాము, కొన్ని ఫైళ్ల పేర్లూ మార్చాము. ఇప్పుడు బ్లేమ్ ఆ ఒక్క మార్పునే చూపుతోంది, పేర్లు మారిన ఫైళ్ల పాత చరిత్ర దొరకడం లేదు. సరిచేయవచ్చా?

జవాబు: మొదటిదానికి మందు ఉంది. శైలి దిద్దిన కమిట్ సంఖ్యను ఒక ఫైల్‌లో రాసి, బ్లేమ్ దాన్ని పట్టించుకోకుండా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి ఈ వీలుంది. ఆ కమిట్‌లో శైలి తప్ప మరేమీ మారకుండా ఉంటేనే ఇది నమ్మదగ్గది. మధ్యలో ఒక తర్కం మార్పు దూరి ఉంటే అదీ కళ్లకు కనిపించకుండా పోతుంది.

రెండోది కష్టం. పేరు మార్పును గిట్ ఎక్కడా నమోదు చేయదు, పాత కొత్త ఫైళ్ల పోలికను బట్టి ఊహిస్తుంది. మామూలుగా సగం పాఠమైనా కలవాలి. పేరూ, లోపలి పాఠమూ ఒకే కమిట్‌లో బాగా మారితే ఆ ఊహ తప్పుతుంది. పోలిక హద్దును తగ్గించి చూడమని గిట్‌ను అడగవచ్చు, కొన్ని ఫైళ్లు దొరకవచ్చు. ఇకమీదట పేరు మార్పును ఒక కమిట్‌గా, సవరణను దాని తరువాతి కమిట్‌గా పంపమని మీ రివ్యూయర్లు పట్టుబట్టాలి. వారికీ అది సుఖమే: మొదటి కమిట్‌లో చదవవలసిన వరుస ఒక్కటీ ఉండదు, రెండోదానిలో మారినవి మాత్రమే ఉంటాయి.