ముందు నానమ్మకి ఫోన్ చేయించండి

ప్రశ్న: మా పాపకి తొమ్మిదేళ్లు. 'కోరలైన్' పుస్తకం చదివి, తర్వాత సినిమా చూసింది. ఇక అదే లోకం. వాళ్ళ నాన్న పాత చొక్కా నుంచి నల్ల గుండీలు కత్తిరించి బొమ్మకి కళ్ళుగా కుట్టింది. మొన్న రాత్రి నేను ఆఫీసు కాల్‌లో ఉంటే వచ్చి, "నువ్వు నిజం అమ్మవేనా?" అని అడిగింది. నాకు ఒళ్ళు జలదరించింది. లైటు ఆర్పనివ్వదు. సినిమా చివర తోటలో అందరూ కలిసే సీన్ మాత్రం పదే పదే వెనక్కి తిప్పి చూస్తుంది. ఇంతకుముందు మా అత్తగారి పక్కన పడుకునేది. ఎనిమిది నెలల క్రితం ఆవిడ చుట్టాల ముందు, "పిల్లని గాలికొదిలేసి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది" అన్నారు. గొడవై విజయవాడలో మా మరిది ఇంటికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మాటల్లేవు, పాపతో ఫోన్ కూడా మాట్లాడించడం లేదు. ఈ సినిమా, పుస్తకం పూర్తిగా మాన్పించాలా?
- ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: మాన్పించక్కర్లేదమ్మా. ఆ ప్రశ్నకి ఇంతే.

బ్రిటిష్ రచయిత నీల్ గైమన్ 2002లో తెచ్చిన నవల అది. పెద్ద కూతురి కోసం మొదలుపెట్టి, చిన్న కూతురి కోసం పూర్తి చేశాడు. పిల్లలు దాన్ని సాహసకథలా చదువుకుంటారని, పీడకలలు వచ్చేది పెద్దవాళ్ళకేనని ఆయనే రాశాడు. "నిజం అమ్మవేనా" అన్నందుకు భయపడకండి. యానిమేషన్ సినిమాలో అసలు అమ్మకీ, అచ్చం అమ్మలాగే ఉండి కళ్ళ చోట గుండీలున్న ఇంకో అమ్మకీ ఒకే నటి గొంతు ఇచ్చింది. విన్న పిల్లకి ఆ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. ఈసారి అడిగితే కాల్ మ్యూట్‌లో పెట్టి, "కళ్ళు చూసి చెప్పు" అని దగ్గరికి తీసుకోండి.

ఆ కథలో కోరలైన్ అనే పిల్ల కొత్త ఇంటికి వస్తుంది. అమ్మానాన్నలిద్దరూ ఇంట్లోనే ఉంటారు, పనిలో మునిగి ఉంటారు. ఇరుగుపొరుగు పేరైనా సరిగ్గా పలకరు, కోరలైన్‌ని కారొలైన్ అంటారు. చిన్న తలుపు అవతల ఉన్న ఆ గుండీ కళ్ళ ఇంకో అమ్మ మాత్రం రుచిగా వండి పెడుతుంది, ఆడిస్తుంది, పేరు సరిగ్గా పిలుస్తుంది. అయినా ఆ పిల్ల అక్కడ ఉండిపోదు. అమ్మానాన్నల్ని ఆవిడ బంధించిందని తెలిసి, భయంతో వణుకుతూనే ఒంటరిగా వెనక్కి వెళ్ళి విడిపించుకుంటుంది. మీ పాపకి నచ్చింది అలాంటి పిల్ల. అమ్మని మార్చుకోవాలన్న ఆలోచన అందులో ఎక్కడుంది?

నాకు గుచ్చుకున్నది వేరే విషయం. పాప వెనక్కి తిప్పి చూసే సీన్‌లో ఎవరొస్తారో మీరు గమనించారా? వైబీ అనే కుర్రాడు, వాళ్ళ నానమ్మ. నవలలో వాళ్ళిద్దరూ లేనే లేరు. 2009లో హెన్రీ సెలిక్ సినిమా తీసినప్పుడు కలిపిన పాత్రలు. చిన్నప్పుడు ఆ నానమ్మ కవల చెల్లెలు ఆ ఇంట్లోనే మాయమైపోయింది. చివర్లో వైబీ నానమ్మని తోటలోకి తీసుకొస్తాడు. కోరలైన్ ఎదురెళ్ళి పలకరించి, మీకు చెప్పాల్సింది చాలా ఉందని మొదలుపెడుతుంది. మీ పాప ఆపి ఆపి చూస్తున్నది దాన్ని. గుండీ కళ్ళ కోసమైతే అంతకుముందే బోలెడన్ని సీన్లున్నాయి కదా.

తొమ్మిదేళ్లు వచ్చేదాకా పక్కలో పడుకోబెట్టుకున్న మనిషి ఒకరోజు సంచీ సర్దుకుని వెళ్ళిపోయింది. ఎందుకో పిల్లకి ఎవరూ చెప్పలేదు. ఫోన్ కూడా లేదు. పిల్ల లెక్కలో నానమ్మ మాయమైపోయినట్టే. ఇంకా లైటు ఎందుకు ఆర్పనిస్తుంది?

మీ అత్తగారు అన్న మాట తప్పు. అందులోనూ చుట్టాల ముందు అనడం పెద్ద తప్పు. ఉద్యోగం చేసుకునే కోడలు ఆ మాట పడి ఊరుకోవాలని నేనెప్పుడూ చెప్పను, మీకూ చెప్పడం లేదు. ఆవిడతో ఒకే కప్పు కింద ఉండలేనంటే ఉండకండి. కానీ ఆ కోపం మీది. దాన్ని పిల్ల చేత మోయించే హక్కు మీకు లేదు. కటువుగా ఉంటుంది, అయినా చెబుతాను. ఆ కథలో ఇంకో అమ్మని చూస్తే నాకు భయం వేసేది గుండీలకి కాదు. నేనుండగా నీకు ఇంకెవరూ అక్కర్లేదని పిల్లని ఎవరికీ అందకుండా దాచుకుంటుందే, దానికి. మీరు అలాంటివారు కాదు. ఫోన్ ఇవ్వని ప్రతి రోజూ మాత్రం అటువైపు ఒక అడుగు పడుతోంది.

నా కాపురంలోనూ ఇలాంటి రోజులున్నాయి. మా అత్తగారూ నేనూ దాదాపు ఏడాది మాట్లాడుకోలేదు. పిల్లలు మాత్రం సెలవులకి ఆవిడ దగ్గరికే వెళ్ళారు. నూనె పట్టించి బిగించి వేసిన రెండు జడలతో తిరిగొచ్చేవారు. విప్పుతుంటే నాకు కోపమూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఇవాళ సాయంత్రం పాప చేతికి ఫోన్ ఇచ్చి మీరు గది బయటికి వెళ్ళండి. ఏం మాట్లాడుకున్నారని తర్వాత ఆరా తీయకండి. మీరు అత్తగారిని పలకరించాలా వద్దా అన్నది మీ ఇష్టం, దానికి తొందరేం లేదు. నానమ్మ ఎందుకు వెళ్ళిందో పిల్లకి రెండు మాటల్లో చెప్పండి: "నాకూ నానమ్మకీ పోట్లాట అయింది, నీ వల్ల కాదు." రెండోది ముఖ్యం. పిల్లలు అన్నీ తమ వల్లే జరిగాయనుకుంటారు. నెల దాటినా నిద్ర కుదరకపోతే, తిండీ చదువూ దెబ్బతింటుంటే అప్పుడు పిల్లల సైకాలజిస్టుకి చూపించండి.

ఇక మీవారు. ఇంత ఉత్తరంలో ఆయన పాత చొక్కా ఉంది గానీ ఆయన లేరు. వాళ్ళమ్మ దగ్గరికి కూతుర్ని తీసుకెళ్ళే పని ఆయనకి అప్పగించండి. దసరా సెలవులకి విజయవాడ రైళ్ళన్నీ నిండిపోతాయి, టికెట్లు ఇప్పుడే తీసి పెట్టమనండి. గుండీ కళ్ళ బొమ్మని కూడా సంచీలో పెట్టండి, నానమ్మకి చూపించుకోవాలి కదా.