పాత చీరల బొంత, అమ్మ నేర్పే లేసు: కుట్టుపనిపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: వచ్చే నెలలో మా ఆడపడుచుకు కాన్పు. మా అత్తగారు కట్టి కట్టి మెత్తబడిన నూలు చీరలతో పుట్టబోయే బిడ్డకు బొంత కుట్టి, బారసాల నాటికి ఇవ్వాలని ఇంటిల్లిపాదీ అనుకుంటున్నాం. నాకు గుండీలు కుట్టడం తప్ప మరేమీ రాదు. అత్తగారికి పని తెలుసుగానీ చూపు ఆనదు. పన్నెండేళ్ల పాప, ఎనిమిదేళ్ల బాబు తామూ కుడతామని పట్టుబడుతున్నారు. ఎలా మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: బొంతను ఎంచుకుని మంచి పని చేశారు. బెంగాల్‌ కాంథా కూడా ఇలాగే పాత చీరల పొరల మీద పుట్టిన పనే. దానికి దక్కిన పేరులో పిసరంత కూడా మన బొంతకు దక్కలేదన్న బాధ నాకు ఎప్పుడూ ఉంది. పసిబిడ్డ ఒంటికి కొత్త గుడ్డకన్నా పలుమార్లు ఉతికిన నూలు గుడ్డే హాయిగా ఉంటుంది కాబట్టి, మీ అత్తగారి చీరలను మించిన సరుకు మీకు దుకాణంలో దొరకదు.

ముందుగా ప్రతి చీరనూ వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. కూర్చునే చోట, పట్టీలు రాసుకునే కింది అంచు దగ్గర నేత పలుచబడి ఉంటుంది. అక్కడ రెండు బొటనవేళ్లతో మెల్లగా లాగితే పోగులు విడిపోయే భాగాన్ని నిర్దాక్షిణ్యంగా కత్తిరించి పక్కన పెట్టండి. జరీ అంచు ఉంటే విప్పేయండి, అది బిడ్డ చర్మానికి గీసుకుంటుంది. మిగిలినదాన్ని గంజి లేకుండా ఉతికి, ఎండలో ఆరవేసి, ఇస్త్రీ చేయండి. గజం పొడవు, ముప్పాతిక గజం వెడల్పు ఉండే బొంతకు నాలుగు పొరలు చాలు. సుమారు 5.5 మీటర్ల చీర గట్టిగా ఉంటే ఒక్కదానిలోనే నాలుగు పొరలూ వస్తాయి. అయినా రెండు చీరలు వాడి, బాగా నలిగినదాన్ని లోపలి పొరలకూ, రంగు నిలిచినదాన్ని పైకీ కిందికీ వేయడం మేలు.

తుడిచిన నేల మీద అడుగు పొరను పరిచి, నాలుగు మూలలా పప్పు డబ్బాలు పెట్టి, ఒక్కో పొరనూ నడిమి నుంచి అంచుల వైపు అరచేతితో సాపు చేస్తూ పరవండి. ఈ పని మీ అత్తగారికి అప్పగించండి, ఎందుకంటే ముడతను కంటికన్నా ముందు చెయ్యి పట్టుకుంటుంది. తర్వాత నడిమి నుంచి నాలుగు మూలలకూ పెద్ద పెద్ద కచ్చాకుట్లు (పని అయ్యాక విప్పేసే తాత్కాలిక కుట్లు) వేయాలి. ఈ మెట్టును దాటేసి నేరుగా అసలు కుట్టుకు దిగితే, సూది పోతున్న కొద్దీ పై పొర కొద్దికొద్దిగా ముందుకు జరిగి, అంచుకు చేరేసరికి ముడతంతా అక్కడ పోగవుతుంది. అప్పుడు మొత్తం విప్పడం తప్ప దారి ఉండదు.

దారం విషయంలో మిషన్ దారం వద్దు, ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం తీసుకుని అందులో మూడు పోగులు వేరుచేసి వాడండి. మూరెడుకు మించి తెంచకండి, పొడవైన దారం చిక్కుపడటమే కాకుండా గుడ్డలో పదేపదే దూరి నూగు లేస్తుంది. ఎంబ్రాయిడరీ సూదుల్లో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది కాబట్టి, నాలుగు పొరలకు అయిదో నంబరు సూది అనువుగా ఉంటుంది. రెండు వేళ్ల ఎడంతో సుద్దగీతలు గీసుకుని, మధ్య వరుస నుంచి బయటికి మామూలు పరుగుకుట్టు వేసుకుంటూ పోవడమే. ముడులు పొరల మధ్యకు లాగి దాచాలి. అంచులు లోపలికి మడిచి కుట్టడం ఆఖరి పని.

గీతలు గీయడం, సూదులకు దారం ఎక్కించి నానమ్మ పక్కన సిద్ధంగా పెట్టడం మీ బాబు చేయగలడు. ఒక మూల వాడి పేరుతో వదిలేయండి, అక్కడ తనే కుట్టుకుంటాడు. మధ్య వరుసలు పాపకు ఇవ్వండి. ఒక్క మాట గట్టిగా చెబుతాను: పిల్లలు పడుకున్నాక వాళ్ల వంకర కుట్లు విప్పి మీరు మళ్లీ కుట్టకండి. పొద్దున్నే ఆ తేడా వాళ్లకు తెలిసిపోతుంది, మళ్లీ సూది పట్టమంటే పట్టరు. బిడ్డ కాలివేలు చిక్కుకునేంత పొడవైన కుట్టు ఉంటే మాత్రం, ఎందుకు విప్పాలో చెప్పి, వాళ్ల చేతనే విప్పించి మళ్లీ వేయించండి.

అద్దాలు, పూసలు, గుండీలు పసిబిడ్డ బొంతకు ఎంతమాత్రం పనికిరావు. పనికి కూర్చునేటప్పుడు ఎన్ని సూదులు తీశారో, లేచేటప్పుడు అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి. బొంత ఇచ్చేటప్పుడు, దీన్ని బిడ్డ నిద్రలో పైన కప్పవద్దని, మీరంతా చూస్తుండగా నేల మీద పరిచి ఆడించడానికి వాడమని మీ ఆడపడుచుకు చెప్పండి.

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లె. అమ్మ చిన్నప్పటి నుంచి లేసు అల్లింది. నేను అమెరికాలో ఉంటున్నాను. వీడియో కాల్‌లో అమ్మ దగ్గర నేర్చుకుని, ఆమె షష్టిపూర్తికి నా చేత్తో అల్లినదేదైనా ఇవ్వాలని ఉంది. సాధ్యమేనా?
– ఒక పాఠకురాలు, టెక్సాస్

జవాబు: తప్పకుండా సాధ్యమే. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ పని నరసాపురం ప్రాంతపు ఆడవాళ్ల చేతుల్లో తరతరాలుగా నిలిచి, 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. అయితే మీ అమ్మగారు వాడే సన్నని దారంతో మీరు మొదలుపెట్టవద్దు. లావుపాటి లేత రంగు నూలు దారం, 4 మిల్లీమీటర్ల కొక్కెం తీసుకోండి. ముదురు రంగులో గొలుసు కన్నాలు కనపడవు. ఫోన్‌ను అమ్మగారి ముఖానికి ఎదురుగా కాకుండా, ఆమె భుజం మీదుగా చేతులు కనిపించేలా ఎవరినైనా పట్టుకోమనండి. ఎదురుగా చూస్తే కుడి ఎడమలు తారుమారై కొత్తవారికి అయోమయమవుతుంది.

గొలుసు ఒకే బిగువుతో వచ్చేదాకా మరో అల్లిక జోలికి వెళ్లకండి. పుస్తకం కూడా చూస్తుంటే ఒక జాగ్రత్త పాటించాలి: అమెరికా పుస్తకాల్లో డబుల్ క్రోషే అనే కొక్కెం అల్లికనే బ్రిటిష్ పుస్తకాల్లో ట్రెబుల్ అంటారు, లెక్క తేడా వస్తే పువ్వు కుదరదు. ఇక కానుక సంగతి. నరసాపురం వైపు ఒకరు పువ్వులు అల్లితే మరొకరు వాటిని అతకడం ఉన్నదే. మీరు చిన్న పువ్వులు అల్లి పంపండి, వాటిని అతికి టేబుల్ గుడ్డ చేయడం అమ్మగారు చేస్తారు. వేడుకనాటికి తెలియకుండా ఇచ్చే ఆశ్చర్యం ఇందులో ఉండదు, కానీ ఆమె ఎక్కువ సంతోషించేది ఇలాంటి కానుకకేనని నా నమ్మకం.

ప్రశ్న: పదేళ్ల మా అబ్బాయికి ఎంబ్రాయిడరీ నేర్చుకోవాలని ఉంది. ‘ఆడపిల్లల పని వాడికెందుకు’ అని బంధువులు అంటున్నారు. నేర్పించవచ్చా?
– ఒక తండ్రి, విజయనగరం

జవాబు: నేర్పించండి. హైదరాబాదులో జర్దోజీ, మగ్గం పనికి తరతరాలుగా కూర్చున్నది ఎక్కువగా మగవాళ్లే. ఆ సంగతి మీ బంధువులకు చెప్పండి. మాటీ గుడ్డ, మొనలేని లావు సూది ఇచ్చి ముందు క్రాస్ స్టిచ్ వేయించండి. గళ్లు కనిపిస్తాయి కాబట్టి కుట్లు సమంగా పడతాయి. చెయ్యి కుదిరాక ఒక తెల్ల రుమాలు మూల తాతగారి పేరులోని మొదటి అక్షరాన్ని గొలుసుకుట్టుతో కుట్టమనండి. ఎర్ర దారం వాడేటట్లయితే, రంగు దిగుతుందేమో ముందు తడిపిన తెల్లగుడ్డ ముక్కలో నొక్కి చూసుకోవాలి.