పెదవి మూలలు కందుతుంటే ముందు కళ్లెం రింగులు చూడండి

మీ మార్వారీ గుర్రం పగ్గం లాగగానే తల ఎగరేస్తోందని, పెదవి మూలలు ఎర్రగా కందాయని రాశారు కదండీ. వాడేది లూజ్ రింగ్ స్నాఫిల్ (బిట్, అంటే నోట్లో ఉండే కడ్డీ కొసల రంధ్రాల్లో రింగులు వదులుగా తిరిగే కళ్లెం) అన్నారు, నా అనుమానం దాని మీదే. ఆ రింగు తిరిగే రంధ్రం దగ్గర చర్మం ఇరుక్కుంటుంది. పాతబడి రంధ్రం అరిగితే మరీ ఎక్కువ, ఒకసారి వేలు పెట్టి తడిమి చూడండి, అంచు గరుకుగా తగులుతుంది. రింగు అలా రంధ్రంలో జారి తిరగని ఎగ్‌బట్ గానీ డీ రింగ్ గానీ వేస్తే ఆ బాధ ఉండదు.

కొనేముందు కొలత తీసుకోండి. నోట్లో బిట్ ఉండే చోట సన్నని గుండ్రటి కర్ర అడ్డంగా పెట్టి, రెండు పెదవుల బయట గుర్తు పెట్టండి. ఆ పొడవుకు ఒక్కో పక్క అర సెంటీమీటరు కలిపితే చాలు. అంతకన్నా వెడల్పుదైతే అటూ ఇటూ జారి ఒరుసుకుంటుంది.

మధ్యలో ఒకే కీలు ఉన్న బిట్‌కన్నా రెండు కీళ్లది నాలుక మీద మెత్తగా కూర్చుంటుంది. కడ్డీ లావుగా ఉంటే సుఖమనుకోకండి, చిన్న నోట్లో అది ఇమడదు.

ముళ్ల కళ్లెం మాత్రం ఎవరు చెప్పినా వేయకండి. పుండు మానేదాకా సవారీ ఆపి, పశువైద్యుడితో పళ్లు కూడా చూపించండి.