వచ్చింది వేరు, ఖర్చయింది వేరు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

అమలాపురంలో జిల్లా ఆఫీసులో పథకాల నిధులు చూసే ఉద్యోగంలో చేరుతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషమమ్మా. ఆర్డరులో హోదా పేరు ఏదైనా రాయనీ, అసలు పని ఒక్కటే. ఏ పథకానికి ఎంత వచ్చింది, అందులో ఎవరికి ఎంత ఇచ్చాం, ఆ ఇచ్చినదాంట్లో నిజంగా ఎంత ఖర్చయింది. ఈ మూడూ ఎవరు ఎప్పుడు అడిగినా విడివిడిగా చెప్పగలగాలి. సమీక్ష సమావేశాల్లో మూడింటినీ ఒకే గడిలో వేసి 'నూరు శాతం' అని చూపిస్తారు. ఆడిట్‌లో వచ్చే అభ్యంతరాలు చాలావరకు ఆ గడిలోంచే పుడతాయి.

ఒక లెక్క వేసి చూపిస్తాను. ఒక పథకానికి 40 లక్షలు విడుదలయ్యాయనుకో. అందులో 30 లక్షలు ఇంజనీరింగ్ శాఖకు డిపాజిట్ చేశారు. వాళ్లు చేసిన పనికి ఇప్పటిదాకా 12 లక్షల బిల్లులు చెల్లించారు. అప్పుడు ఖర్చు 12 లక్షలే. వాళ్ల దగ్గరున్న 18 లక్షలు అడ్వాన్సు, మన దగ్గరున్న 10 లక్షలు నిల్వ. వినియోగ పత్రం, అదే యూసీ, 12 లక్షలకే రాయాలి. రెండో విడత ఆగిపోతుంది, 40కీ రాసెయ్యమని పైనుంచీ పక్కనుంచీ చెబుతారు. రాశావా, రేపు ఆ 18లో ఐదు లక్షలు మిగిలి తిరిగొస్తే దాన్ని చూపించడానికి నీ పుస్తకంలో చోటుండదు. కేంద్రం డబ్బుకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమాల ప్రకారం, ఆర్థిక సంవత్సరం ముగిశాక యూసీ ఇవ్వడానికి 12 నెలల గడువుంది. మిగిలిన డబ్బును మిగిలిందని రాయడం తప్పు కాదు. దానిమీద బ్యాంకు వేసిన వడ్డీ మనది కాదు. కేంద్రం వాటాది కేంద్రానికి, రాష్ట్రం వాటాది రాష్ట్రానికి జమ కట్టాలి. ఆ వడ్డీని పథకంలో కలిపి ఖర్చు పెట్టడం చాలాచోట్ల కనిపించే తప్పు.

చేరిన మొదటి వారంలో మరేం పెట్టుకోకు, పద్దులు చదువు. పద్దు అంటే ఏ డబ్బు ఏ లెక్క కిందికి వస్తుందో చెప్పే అంకెల సంకేతం. మన రాష్ట్రంలో పూర్తి పద్దు 19 అంకెలు. మొదటి నాలుగూ మేజర్ హెడ్, తర్వాత రెండు సబ్ మేజర్, ఆ తర్వాత మూడు మైనర్. చివరి మూడూ ఆబ్జెక్ట్ హెడ్. 011 అంటే జీతం, 111 ప్రయాణ భత్యం, 133 నీరు, కరెంటు చార్జీలు, 312 ఇతర గ్రాంట్లు. మైనర్ హెడ్ దగ్గర 789 కనిపిస్తే అది ఎస్సీ ఉపప్రణాళిక డబ్బు. కోనసీమలో ఈ పద్దు కింద పనులు చాలా వస్తాయి. పని ఎస్సీ పేటకే చెందుతుందని రుజువయ్యే కాగితం ఫైల్లో లేకుండా బిల్లు కదపకు. ఊరికంతటికీ పనికొచ్చే రోడ్డుకు 789 కింద బిల్లు పెట్టడం ఆ పేటవాళ్ల డబ్బు ఇంకొకరికి పెట్టడమే. పంచాయతీల లెక్కా ఇలాంటిదే. 2021-26 కాలపు పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంట్లలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడిన సొమ్ము, మిగతా 40 శాతంలోనే స్వేచ్ఛ. వీధి దీపాల బిల్లు ఆ 60లోంచి చెల్లించిన పంచాయతీలకు దాన్ని సరిచేసుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఇప్పుడు మన డెల్టాకే ప్రత్యేకమైన చిక్కు ఒకటి చెబుతాను, ఇది జాగ్రత్తగా చదువు. బడ్జెట్ మార్చి 31కి మురిగిపోతుంది. కాలువలేమో మామూలుగా ఏప్రిల్‌లో కట్టేస్తారు, అంటే నీళ్లు ఆపేస్తారు, జూన్ మొదట్లో ధవళేశ్వరం నుంచి నీళ్లు వదులుతారు. పూడికతీత, గుర్రపుడెక్క తీయడం, లాకులు, తూముల మరమ్మతులు అన్నీ ఆ మధ్యలోనే జరగాలి. అంటే డబ్బు పోయే రోజు ముందొస్తుంది, పని మొదలయ్యే రోజు వెనకొస్తుంది. ఈ సందులోనే మార్చి చివరి వారంలో చెయ్యని పనికి బిల్లు పెట్టించే ప్రయత్నం జరుగుతుంది, లేదా డబ్బు తీసి వేరే ఖాతాలో దాస్తారు. రెండూ తప్పే. ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో ఖర్చు ముంచెత్తడమే ఆర్థిక ఔచిత్యానికి విరుద్ధమని ఆ 2017 నియమాల్లోనే ఉంది. సరైన దారి ఏమిటంటే, అంచనాలు, పరిపాలనా ఆమోదం, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు మార్చిలోపే పూర్తిచేయించి, చెల్లింపును కొత్త ఏడాది బడ్జెట్‌లో పెట్టించడం. దీనికి నవంబరులోనే ఇంజనీర్ల దగ్గర పనుల జాబితా తీసుకుని కూర్చోవాలి. జనవరిలో కదిలితే ఆలస్యమే.

పూడికతీత బిల్లు నీ బల్ల మీదికి వస్తే అన్నిటికంటే ముందు తేదీలు చూడు. తవ్వకముందు లెవెల్స్ (కాలువ అడుగు ఎత్తు కొలతలు) తీసిన తేదీ, తవ్వాక తీసిన తేదీ, ఎం-బుక్‌లో, అంటే పనుల కొలతల పుస్తకంలో, కొలతలు రాసిన తేదీ, పై ఇంజనీరు చెక్ మెజర్‌మెంట్ చేసిన, అంటే ఆ కొలతల్ని తానూ సరిచూసిన, తేదీ. ఈ నాలుగూ ఆ కాలువకు నీళ్లు వదిలిన తేదీకి ముందే ఉండాలి. నీళ్లు నిండిన కాలువ అడుగు ఎవరూ కొలవలేరు కదా. జూన్ 20న చెక్ మెజర్‌మెంట్ అని ఉంటే బిల్లు వెనక్కి పంపు, మర్యాదగానే పంపు, కారణం మాత్రం ఫైల్లో రాసి పంపు.

వరదల బిల్లులు వేరే రకం. జూలై, ఆగస్టుల్లో లంకలు మునిగితే పడవలు, భోజనాలు, టార్పాలిన్లు అన్నీ పరుగుల మీద వస్తాయి. ఆ సమయంలో ఎవరినీ కాగితాల కోసం ఆపకు, మనుషులు ముందు. కానీ ప్రతి మండలానికీ ఒక నోటు పుస్తకం ముందే పంపించు: పడవ నంబరు, ఏ రేవు నుంచి ఏ లంకకు, ఎన్ని గంటలు, ఎవరు పంపారు. నీళ్లు తీశాక ఇవి లేకపోతే ఒకే పడవ ఒకే రోజు రెండు మండలాల బిల్లుల్లో తేలుతుంది. గట్టు మరమ్మతులు విపత్తు నిధి కింద ఒకసారి, ఇంకో పథకం కింద ఒకసారి పడే ప్రమాదమూ ఉంది. గట్టు పేరుతో పాటు ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న కిలోమీటరు గుర్తులు కూడా నీ రిజిస్టరులో రాసుకుంటే అది ఇట్టే దొరుకుతుంది. వివరాలు తర్వాత ఇస్తామని ముందస్తుగా తీసిన ఏసీ బిల్లు డబ్బుకు, వోచర్లతో ఖర్చు వివరం చూపే డీసీ బిల్లు గడువులోగా పెట్టించు. ఆలస్యమయ్యేకొద్దీ వోచర్లు దొరకవు, తీసుకున్న అధికారి బదిలీ అయిపోతాడు.

బిల్లులో కోతలు నువ్వే ఒకసారి చేత్తో వెయ్యి. పని విలువ 3,00,000, దానిమీద 18 శాతం జీఎస్టీ 54,000, మొత్తం 3,54,000. కాంట్రాక్టు విలువ రెండున్నర లక్షలు దాటింది కాబట్టి జీఎస్టీ టీడీఎస్, అంటే చెల్లించేటప్పుడే కోసుకునే పన్ను, 2 శాతం, అది 3 లక్షల మీదే, 6,000. ఆదాయపు పన్ను కాంట్రాక్టరు వ్యక్తి అయితే 1 శాతం, 3,000. కంపెనీ అయితే 2 శాతం. కార్మిక సెస్సు 1 శాతం, 3,000. వ్యక్తికయితే చేతికొచ్చేది 3,42,000. ఇసుక, గ్రావెల్ లాంటి ఖనిజాల మీద వేసే సీనరేజీ లాంటివి ఉంటే అవి వేరుగా పోతాయి. కోసింది కట్టకపోతే కోసినా లాభం లేదు. జీఎస్టీ టీడీఎస్ రిటర్ను తర్వాతి నెల 10లోపు వెయ్యాలి. ఆదాయపు పన్ను టీడీఎస్ మూడు నెలల రిటర్ను ఆలస్యమైతే రోజుకు 200 రుసుము పడుతుంది, దాన్ని ప్రభుత్వ సొమ్ములోంచి కట్టడానికి ఎవరూ ఒప్పుకోరు.

లబ్ధిదారుల చెల్లింపుల్లో వెనక్కొచ్చేవి ఎందుకొచ్చాయో ఒక్కొక్కటీ చూడాలి. 2020 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది, 2025 మేలో గ్రామీణ బ్యాంకులు ఒకటయ్యాయి. ఊళ్లలో ఇప్పటికీ పాత పాస్‌బుక్ జిరాక్సే ఇస్తారు, అందులో పాత ఐఎఫ్ఎస్‌సీ, అంటే బ్యాంకు శాఖ కోడు, ఉంటుంది. ఇక ఆధార్ మీద వేసిన డబ్బు చివరగా ఆధార్ అనుసంధానం చేసిన ఖాతాకు పోతుంది. డబ్బు పడలేదని వచ్చిన ముసలమ్మను తిప్పి పంపకుండా ఏ బ్యాంకుకు లింకయిందో చూసి చెప్పు, చాలాసార్లు డబ్బు అక్కడే ఉంటుంది. వెనక్కొచ్చిన మొత్తాన్ని మాత్రం ఖర్చులోంచి తీసెయ్యడం మరిచిపోకు.

డిజిటల్ సంతకం టోకెన్ నీ బ్యాగులోనే ఉండాలి. బిల్లు తయారుచేసే లాగిన్, ఆమోదించే లాగిన్ ఒకరి చేతిలో ఉండకూడదు, ఆపరేటరు ఎంత నమ్మకస్తుడైనా సరే.

నెల మొదటి ఐదు రోజులూ ఇంకే పనీ పెట్టుకోకుండా క్యాష్‌బుక్, బ్యాంకు స్టేట్‌మెంట్, ట్రెజరీ లెక్క పక్కపక్కన పెట్టి సరిపోల్చు. తేడా 37 రూపాయలైనా కారణం రాయి. మొదటి నెల పట్టిక పూర్తయ్యాక నకలు ఒకటి నాకు పంపించు, పెన్సిలుతో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ మామయ్య