రోజూ నీళ్లు పోస్తున్నా ఇంట్లో మొక్కలు చచ్చిపోతున్నాయి, ఏ ఎరువు వెయ్యాలి?

ఎరువు సంగతి తర్వాత. జవాబు మీ ప్రశ్నలోనే ఉంది, "రోజూ నీళ్లు పోస్తున్నా" అని. ఇంట్లో మొక్కని ఎండగట్టి చంపినవాళ్లని నేను ఇంతవరకు ఒక్కరినీ చూడలేదు. అందరూ నీళ్లు పోసే చంపుతారు. నేనూ చంపాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను.

మాది ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి. ఆ మధ్య గృహప్రవేశానికి మా చెల్లెలు పీస్ లిల్లీ అనే మొక్క తెచ్చి ఇచ్చింది. తెల్ల పింగాణీ కుండీ, దానికి బంగారు రంగు అంచు. హాల్లో టీవీ పక్కన పెట్టాం. శ్రావణమాసం, బయట ముసురు. పది రోజులకి ఆకులు వాలిపోయాయి. నీళ్లు చాల్లేదేమో అని గ్లాసుడు పోశాను. మర్నాడు ఇంకా వాలింది. మళ్లీ గ్లాసుడు. మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు పోసింది, నేను వాడేసిన టీ పొడి వేశాను, ఎవరో చెప్పారని గుడ్డు పెంకులు కూడా. ఇంట్లో జబ్బు మనిషికి పెట్టినట్టు తలో పథ్యం పెట్టాం.

మా పక్కింటావిడ ఒడియా ఆవిడ, వీధంతా మావుసి (అంటే పిన్ని) అనే పిలుస్తుంది. కరివేపాకు కోసం వచ్చి దాన్ని చూసింది. "ఏటి బాబూ, దీనికి రోజూ తలంటు పోస్తన్నావా?" అంది. రోజుకో గ్లాసే మావుసీ అన్నాను. "ఎతె పాణి దెలె గొచ్ఛొ మొరిజిబొ" అంది, ఇన్నేసి నీళ్లు పోస్తే చచ్చిపోతుందని. అని ఊరుకోలేదు. మొక్క మొదలు పట్టుకుని కుండీని పెరట్లో గచ్చు మీద వంచేసింది. చెంబెడు నీళ్లు పడ్డాయి, మురిక్కాలవ వాసన. కుండీ అడుగున చిల్లే లేదు! మొక్కని పైకి లాగితే వేళ్లు చింతపండు రంగులో ఉన్నాయి. ఒక వేరుని గోటితో పట్టి లాగింది. పై తొక్కంతా తడి కాగితంలా ఊడొచ్చి లోపల సన్నటి దారం మిగిలింది. ఆ దారం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

దీన్ని పుస్తకాల్లో వేరుకుళ్లు అంటారు. (గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే తెలుగు కోసం పోరాడింది మా ఊళ్లో ఉండే. కాబట్టి రూట్ రాట్ అని రాస్తే నాకు సిగ్గుచేటు.) వేళ్లకీ గాలి కావాలి. మట్టి సందులన్నీ నీళ్లతో నిండిపోతే వాటికి ఊపిరాడదు, కుళ్లుతాయి. కుళ్లిన వేరు నీళ్లు తాగలేదు. అందుకే మొక్క నీళ్లలో నిలబడి కూడా దాహంతో వాడిపోతుంది. మనం అది చూసి ఇంకో చెంబు పోస్తాం.

ఆ మొక్క వేళ్ల మధ్యలో ఉండ్రాయి అంత మట్టిముద్ద కూడా దొరికింది. మా వైపు నర్సరీలకి మొక్కలు చాలావరకు తూర్పుగోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తాయి. దారిలో వేళ్లు కదలకుండా ముద్ద బిగిస్తారు, ఆ ప్రయాణానికి అది సరే. అదే ముద్ద ఇంట్లో, ఎండ తగలని మూల, వారమైనా ఆరదు. ఆ ముక్క అమ్మేవాళ్లు చెప్పరు. చెప్పకపోగా ఆకులు మెరవడానికి టానిక్ అని ఒక సీసా అంటగడతారు. పైగా "గాలిని శుభ్రం చేసే మొక్క" అని చీటీ. మొక్కలు గాలిని ఎంత శుభ్రం చేస్తాయో నాసా వాళ్లు 1989లో ప్రయోగం చేసి చూసింది మూసేసిన చిన్న పెట్టెల్లాంటి గదుల్లో. మామూలు ఇంట్లో కిటికీ తీస్తే వచ్చేంత ఫలితం కావాలంటే చదరపు మీటరుకి కనీసం పది మొక్కలు, ఒక్కోసారి వెయ్యి దాకా కావాలని 2019లో లెక్క తేల్చారు. వెయ్యి మొక్కలు పెడితే మనం ఎక్కడ పడుకోవాలి?

సరే, మావుసి సంగతి. కుళ్లిన వేళ్లన్నీ కత్తిపీట మీద కోసేసింది. మూడు ఆకులు ఉంచి మిగతావి తీసేసింది. ఖాళీ రంగు డబ్బాకి అడుగున మేకుతో అరడజను చిల్లులు కొట్టించి, ఇసుక, కొబ్బరిపొట్టు, మాగిన పెంట, కాస్త మట్టి కలిపి నాటింది. ఒకసారి నీళ్లు పోసి, పది రోజులు దాని జోలికెళ్లొద్దంది. నాకు చెయ్యి ఊరుకోదు కదా, మా ఆవిడ మగ్గు దాచేసింది. నెల దాటాక చుట్ట చుట్టిన కొత్త ఆకు వచ్చింది.

ఇంకో సాక్ష్యం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా ఊళ్లో కరెంటు పోతే బరంపురంలో బావగారింటికి వెళ్లిపోయి రెండు వారాలకి వచ్చాం. మూలనున్న స్నేక్ ప్లాంట్ అంతకుముందు కంటే బాగుంది. ఎవరూ ముట్టుకోలేదు మరి.

మీకైతే ఇది చాలు. వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. తడి తగిలితే పొయ్యొద్దు. పీస్ లిల్లీ, మనీప్లాంట్ లాంటివాటికి పొడిగా ఉంటే అప్పుడు అడుగు నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచింది పారబోయండి, మా వైపు దోమలకి అదొకటి తక్కువా. స్నేక్ ప్లాంట్, జీజీ (ZZ) ప్లాంట్‌కి మట్టి పూర్తిగా ఎండాలి. ఎరువంటారా, కొత్త ఆకులు వస్తున్నప్పుడు రెండు నెలలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు. కుళ్లిన వేళ్ల మీద మాత్రం ఏ ఎరువూ వెయ్యకండి.

ఆ పింగాణీ కుండీలో ఇప్పుడు మా గరిటెలు ఉంటున్నాయి. చెల్లెలు వచ్చే రోజు మాత్రం రంగు డబ్బాని అందులో దింపి టీవీ పక్కన పెడతాం.