యోయోలో సొంత ట్రిక్ ఎలా కనిపెట్టాలి?

అమలాపురం తమ్ముడు అడిగింది ఇదీ: కొత్త ట్రిక్ ఎలా పుడుతుంది, నలుగురికీ ఎలా చూపించాలి?

ముందు మీకు బాగా వచ్చిన మౌంట్ (తిరుగుతున్న యోయోను దారం మీద నిలిపే భంగిమ) ఒకటి తీసుకోండి, యోయోను పక్కకు విసిరి దారం మీద నిలిపే ట్రాపీజ్ లాంటిది. అక్కడి నుంచి అలవాటుగా వెళ్లే దారి వదిలేసి యోయోను వేరే దారం మీదికి దూకించండి. చిక్కు పడితే వెంటనే విప్పేయకండి. అది ఏ కదలికతో పడిందో చూసి, మళ్లీ కావాలనే వేసి, విడిపోయే దారి వెతకండి. నాకు తెలిసి చాలా మంచి ట్రిక్కులు ఇక్కడే దొరుకుతాయి! బేరింగ్ ఉన్న అన్‌రెస్పాన్సివ్ (దారం లాగినంత మాత్రాన తిరిగిరాని) యోయో అయితే ఎక్కువసేపు తిరుగుతుంది. చివర్లో బైండ్ వేస్తేనే, అంటే దారాన్ని మడిచి యోయో సందులోకి దూర్చితేనే, చేతికొస్తుంది. నూలు దారం తేమ పీల్చుకుంటుంది కాబట్టి మన కోనసీమలో పాలిస్టరే మేలు.

వీడియో తీసేటప్పుడు ముదురు రంగు చొక్కా, లేత రంగు దారం వాడండి. ఒకసారి మామూలుగా, ఒకసారి స్లో మోషన్‌లో చూపించండి. ఎవరి ట్రిక్ నుంచైనా కొంత తీసుకుంటే వాళ్ల పేరు తప్పకుండా చెప్పండి.